ఆ నాలుగు ఫ్రేములు

పదకొండేళ్ళుగా ఒక రేకు డబ్బాని మోస్తున్నాను. మోస్తున్నాను అంటే నిజంగానే. ఈ పదకొండేళ్ళలో రెండుసార్లు ఇల్లు మారాం. రెండుసార్లూ సామానంతా మనుషులకి అప్పగించి, ఆ డబ్బాని మాత్రం కార్లో నా ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. "అంత బంగారం ఏముంది అందులో?" అని మా ఆయన అడిగితే పాత ఫోటోలన్నాను. ఫోటోలు కావు. అరచేతిలో పట్టేంత ఫిల్మ్ రీలు ఒకటి, ఒక చిన్న కవరు. ఆ కవర్లో కాలిపోయిన ముక్కలు. వాటి గురించి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నానేమో.

నా పేరు రాయను. రాస్తే మా తెలుగు చర్చిలో సగం మందికి ఆరాధన అయ్యేలోపే తెలుస్తుంది, మిగిలిన సగానికి భోజనాల దగ్గర తెలుస్తుంది. ఆ చర్చిలోనే ఎన్నోసార్లు నిలబడి సాక్ష్యం చెప్పాను. వీసా కష్టాలు, ఆపరేషను, ఉద్యోగం పోయి మళ్ళీ దొరకడం, అన్నీ చెప్పాను. వింటూ కళ్ళు తుడుచుకున్నవాళ్ళున్నారు. ఇది మాత్రం చెప్పలేదు. మైకు పట్టుకుని ప్రతిసారీ దీని అంచుదాకా వచ్చి, ఇంకేదో చెప్పి కూర్చున్నాను.

శాంటా క్లారాలో నాది టెస్టింగ్ ఉద్యోగం. ఇంకొకళ్ళు చేసిన పనిలో తప్పులు పట్టుకుంటే నాకు జీతమిస్తారు. ఇంట్లో జీతం లేకుండానే పట్టుకుంటుందని మా ఆయన అంటారు. నిజమే. నేనే బాగా చేస్తాను, నాకే బాగా తెలుసు అనుకునే మనిషిని. సరే, విషయానికొస్తాను. చూశారా, ఇప్పుడు కూడా పక్కకి జారుకుంటున్నాను.

అప్పట్లో మేం ఈ కాలిఫోర్నియాలోనే ఉన్న డబ్లిన్‌లో ఉండేవాళ్ళం. మా అమ్మాయి ఎస్తేరుకి తొమ్మిదేళ్ళు. మా వీధి చివర కమ్యూనిటీ పూల్‌లో పిల్లలకి ఈత నేర్పేవారు వెర్నా గారు. ఎనభైకి దగ్గరపడ్డ అమెరికన్ ఆవిడ. తలమీద తెల్ల టోపీ, మెడలో విజిల్. గట్టు మీద నడిచేటప్పుడు మోకాళ్ళు పట్టేసేవి, నీళ్ళలోకి దిగితే మాత్రం చిన్నపిల్లే. తల్లులమంతా కుర్చీల్లో కూర్చుని ఫోన్లు చూసుకునేవాళ్ళం. ఒకరోజు ఆవిడ నా దగ్గరకొచ్చి నువ్వెందుకు దిగవని అడిగారు. నాకు ఈత రాదు, ముప్పై ఆరేళ్ళొచ్చాక ఇంకేం నేర్చుకుంటాను అన్నాను. ఈత వచ్చినవాళ్ళకి నేర్పే ఉద్యోగం కాదమ్మా నాది, అన్నారు. వారం తిరక్కుండా, మోకాళ్ళు దాటిన లెగ్గింగ్స్ వేసుకుని, పిల్లలు కిసుక్కున నవ్వుతుంటే, నేనూ నీళ్ళలో ఉన్నాను.

వెల్లకిలా తేలడం నేర్పేటప్పుడు నా వీపు కింద అరచెయ్యి పెట్టారు. నేను వదలొద్దు, వదలొద్దు అని తెలుగులో అరుస్తున్నాను. ఆవిడకి భాష అర్థం కాలేదు గానీ చెయ్యి తియ్యలేదు. ఈ దేశం వచ్చాక నా బరువు ఇంకొకరి చేతిమీద వేసింది అదే మొదటిసారి. ఆవిడంటే నాకు ప్రాణం. ఇది సాకుగా చెప్పడం లేదు. అంత ఇష్టమైన మనిషికే అలా చేశానంటే, ఇష్టం లేనివాళ్ళకి ఏం చేసి ఉండేదాన్నో అని భయం వేస్తుంది.

వెర్నా గారు పందొమ్మిది వందల యాభైలలో ఒలింపిక్స్‌లో ఈదారు. బ్రెస్ట్‌స్ట్రోక్. అంటే కప్పలా రెండు చేతులూ ఒక్కసారిగా, రెండు కాళ్ళూ ఒక్కసారిగా కదుపుతూ ఈదడం. ఆవిడది కాలిఫోర్నియా లోపల పండ్లతోటల ఊరు. తోటలకి నీళ్ళు పారే కాలవలో ఈత నేర్చుకున్నారు. కాలవ ఇరుకు కావడంతో చేతులు బారచాపితే గట్లు గీసుకునేవట. అందుకే చేతులు గుండెకి దగ్గరగా లాక్కోవడం అలవాటైందట. ఆ అలవాటే పద్దెనిమిదేళ్ళకి ఆవిడని ఫైనల్ దాకా తీసుకెళ్ళింది. ఫైనల్లో మూడోస్థానంలో గోడ తాకారు. మొహం మీద నీళ్ళు తుడుచుకునేలోపే ఒక జడ్జి చెయ్యెత్తాడు. ఈ ఈతలో గోడని రెండు చేతులతో ఒకేసారి తాకాలి. ఈ అమ్మాయి కుడిచెయ్యి ముందు తాకింది, అన్నాడు. అంతే, ఆవిడ పేరు కొట్టేశారు.

నాలుగో అమ్మాయికి కంచు పతకం వేస్తుంటే మెట్ల పక్కన తువ్వాలు కప్పుకుని నిలబడి చూశారట. ఊరికి తిరిగొస్తే స్టేషన్లో బ్యాండువాళ్ళున్నారు. వాయించాలో వద్దో తెలియక కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకుని, తర్వాత వాయించారట. అది చెప్పేటప్పుడు ఆవిడ నవ్వేవారు, నాకెప్పుడూ నవ్వు రాలేదు. మళ్ళీ పోటీల్లో దిగలేదు. పెళ్ళి చేసుకున్నారు, పిల్లలు కలగలేదు, భర్త పోయారు. యాభై ఏళ్ళపాటు ఎవరి పిల్లలకో ఈత నేర్పారు.

ఆవిడ దగ్గర నేర్చుకున్న పిల్లల్ని దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. గోడ దగ్గరకొచ్చి రెండు అరచేతులతో చప్పుమని కొడతారు. అవతలి గట్టు మీదున్నవాళ్ళకి కూడా వినపడాలి. రెండు చేతులూ, ఒకేసారి, చప్పుడొచ్చేలా! రోజుకి వందసార్లు అరిచేవారు. మిగతా కోచ్‌లు నవ్వుకునేవాళ్ళు. ఏ జడ్జీ అనుమానపడలేనంత గట్టిగా ఆ పిల్లల చేత ఆవిడ గోడని కొట్టించారు. ఎందుకో నాకు తెలుసు.

ఆ రోజు ఆవిడ నాన్నగారు మొదటి వరసలో కూర్చుని, కీ ఇచ్చి తిప్పే కెమెరాతో ఆ పోటీ తీశారు. ఆ రీలుని ఆవిడ బిస్కట్ల డబ్బాలో దాచుకున్నారు. ఒక్కసారే, ఇంటి గోడమీద వేసుకుని చూశారట. ఆ వేగంలో ఏమీ తెలియలేదు. నెమ్మదిగా వేసి చూడాలని ఎవరో అంటే ఆవిడకి భయం వేసింది. ఒకవేళ నిజంగానే కుడిచెయ్యి ముందు తాకి ఉంటే? తాకలేదని ఆవిడ చేతులకి తెలుసు. అయినా భయం. దాదాపు అరవై ఏళ్ళు ఆ డబ్బా మూత తియ్యలేదు.

ఆ ఏడాది ఆవిడ గుండె బాగా నీరసపడింది. ఒకరోజు పూల్ దగ్గర ఆ డబ్బా నా చేతిలో పెట్టారు. "నీకు ఇలాంటివి తెలుసు కదా. పోయేలోపు తెలుసుకోవాలనుంది" అన్నారు. రీలుని కంప్యూటర్లోకి ఎక్కించి, ఒక్కో ఫ్రేమూ, అంటే ఫిల్మ్ మీద ఒక్కో బొమ్మా, ఆపి చూసి చెప్పాలి. అదెంత పని, అన్నాను.

మా ఆయన ఆ సాయంత్రమే అన్నారు. "ల్యాబ్‌కి పంపించెయ్యొచ్చుగా. పాత ఫిల్మ్ కదా, వాళ్ళకైతే ఎక్స్‌పీరియన్స్ ఉంటుంది."

"సిక్స్ వీక్స్ పడుతుందట. నాకు ఒక్క శాటర్‌డే చాలు. యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి" అన్నాను.

అన్నీ ఉన్నాయి. అన్నీ చూశాను కూడా. పాత ప్రొజెక్టర్ ఒకటి సంపాదించి, గరాజ్‌లో తెల్ల దుప్పటి కట్టి, ఎదురుగా కెమెరా పెట్టాను. ముందే తెలిసి ఉండాల్సింది. డబ్బా మూత తియ్యగానే ఘాటుగా వెనిగర్ వాసన వచ్చింది. పాత ఫిల్మ్ పాడైపోతుంటే అలాంటి వాసనే వస్తుందని ఆ వీడియోల్లోనే చెప్పారు. అంచుల రంధ్రాలు కుంచించుకుపోయి పళ్ళచక్రానికి సరిగా పట్టడం లేదు. అప్పుడైనా ఆగాలి. ఎందుకు ఆగలేదు? ఆగితే మా ఆయన మాట నిజమయ్యేది. అంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని ఇన్నేళ్ళూ వెతికాను. లేదు.

శనివారం మధ్యాహ్నం. దుప్పటి మీద ఆవిడ కనిపించారు. పద్దెనిమిదేళ్ళ వెర్నా. తల లేస్తోంది, మునుగుతోంది, మళ్ళీ లేస్తోంది. నేను ఒక్కదాన్నే నిలబడి చప్పట్లు కొట్టాను. గోడ దగ్గరకొస్తోంది. చేతులు చాచింది. నాకు చూడాలనిపించింది. కెమెరాలో రికార్డవుతోంది కదా, తర్వాత చూసుకోవచ్చు కదా? అసలు కెమెరా బటన్ నొక్కడమే మర్చిపోయానని నాకప్పటికి తెలియదు. మరుక్షణంలో ఏం జరిగిందో చూడాలని మీట నొక్కి ఫిల్మ్ ఆపేశాను.

ఆ పాత ప్రొజెక్టర్‌లో బల్బు వేడికి అడ్డం ఏమీ లేదు. ఫిల్మ్ పరిగెడుతున్నంతసేపే దానికి రక్ష. ఆపితే కాలుతుంది. దుప్పటి మీద ఆ చేతుల దగ్గర ఒక గోధుమరంగు చుక్క పుట్టి, బుడగలా పొంగి, విచ్చుకుంది. కంగారులో పట్టి లాగాను. అప్పడంలా విరిగింది. వేడి లోహానికి అతుక్కున్న ముక్కల్ని వెన్న రాసుకునే చాకుతో గీకి తీశాను. తర్వాత భూతద్దం పెట్టి చూశాను. పోయినవి నాలుగు ఫ్రేములు. వాటికి ముందు ఫ్రేములో చేతులు ఇంకా గాల్లో ఉన్నాయి. వాటి తర్వాత ఫ్రేములో రెండు చేతులూ గోడ మీద ఉన్నాయి. జరిగిందంతా ఆ నాలుగింటిలోనే జరిగింది. నిమిషాలకొద్దీ ఉన్న ఆ రీలులో ఆవిడకి కావలసింది ఆ నాలుగే.

మూడు వారాలు తప్పించుకు తిరిగాను. ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందన్నాను. ఆవిడ తొందరపెట్టలేదు. నాలుగో వారం ఆవిడ ఇంటికి వెళ్ళాను, నిజం చెప్పేద్దామనే వెళ్ళాను. దారిపొడుగునా కార్లో పైకి అనుకుంటూ వెళ్ళాను. తలుపు తీసి ఆవిడ నా మొహం చూసి, చూశావా అని అడిగారు. చూశానన్నాను. రెండు చేతులా అన్నారు. ఆ కళ్ళు చూసి నా నోటికి ఇంకేమీ రాలేదు. "రెండు చేతులూ. ఒకేసారి" అన్నాను.

ఆవిడ రెండు చేతులతో మొహం కప్పుకుని కుర్చీలో కూలబడ్డారు. ఇంతమాత్రమే అయితే దీన్ని నేను ఒప్పుకోలు అనేదాన్ని కాదు. జాలితో ఆడిన అబద్ధమని సర్దిచెప్పుకుని బతికేసేదాన్ని.

కానీ ఆవిడ ఊరుకోలేదు. ఎందుకు ఊరుకుంటారు? తన ఎనభయ్యో పుట్టినరోజున పూల్ పక్క హాల్లో, పాత శిష్యులందర్నీ పిలిచి ఆ ఫిల్మ్ వేద్దామన్నారు. నెమ్మదిగా వెయ్యి, అందరూ చూడాలి, అన్నారు. రోజూ ఫోన్. ఆవిడ గొంతు పదేళ్ళు చిన్నదైంది. కాలిపోయిందని చెబితే, మరి చూశానని ఎలా చెప్పావని అడుగుతారు. అందరి ముందూ నా పరువు పోతుంది. అన్నీ తెలిసిన మనిషినని పేరు తెచ్చుకున్నదాన్ని, ఏ మొహం పెట్టుకుని నిలబడను? వారం రోజులు ఆలోచించాను. ఆలోచించే చేశాను, ఇది దయచేసి గుర్తుపెట్టుకోండి. నోరు జారింది మొదటిసారే.

పుట్టినరోజుకి తొమ్మిది రోజుల ముందు మళ్ళీ వెళ్ళాను. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషులో. నాకు మాత్రం అదంతా తెలుగులోనే గుర్తుంది.

"మళ్ళీ చూశాను వెర్నా గారూ. ఒక్కో ఫ్రేమూ పెద్దది చేసి చూశాను. మొదటిసారి నేను పొరబడ్డాను."

ఆవిడ చేతిలో టీ కప్పు ఉంది. దాన్ని కింద పెట్టారు.

"కుడిచెయ్యా?"

"కుడిచెయ్యే. కొంచెమే. కానీ ముందు."

అప్పుడు నేను ఇంకో మాటన్నాను. ఇన్నేళ్ళూ నన్ను తినేస్తున్నది ఆ మాటే.

"చూస్తారా? రేపు తీసుకొస్తాను."

వద్దంటారని నాకు తెలుసు. తెలిసే అడిగాను.

"వద్దు తల్లీ. ఇంక దాన్ని ఎవరికీ చూపించకు." కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. "అయితే ఆ మనిషి చూసిందే చెప్పాడన్నమాట. ఇన్నేళ్ళూ ఆయన్ని తిట్టుకోని రోజు లేదు. పాపం, ఆయన పోయి కూడా ఎన్నేళ్ళయిందో."

నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పారు. నిజం దాచకుండా చెప్పినందుకు.

అక్కడితో కూడా అయిపోలేదు. ఆ రోజు నాలుగో స్థానంలో వచ్చి పతకం అందుకున్న ఆవిడ యూరప్‌లో ఉంటారు. ప్రతి క్రిస్మస్‌కీ కార్డు పంపేవారట, వెర్నా గారు ఒక్కదానికీ జవాబివ్వలేదు. ఇప్పుడు ఇవ్వాలన్నారు. చేతులు వణుకుతున్నాయి, నువ్వు రాసిపెట్టమన్నారు. ఆవిడ చెబుతుంటే ఆవిడ బల్ల దగ్గరే కూర్చుని ల్యాప్‌టాప్‌లో కొట్టాను. పతకం న్యాయంగా నీదే, నా కుడిచెయ్యి ముందు తాకింది, ఇన్నేళ్ళు నీకు జవాబివ్వనందుకు క్షమించు. నా రెండు చేతులతో ఆ మాటలు టైప్ చేశాను. నేనే పోస్ట్ చేశాను.

పుట్టినరోజు జరిగింది. కేకు కోశారు. ఫిల్మ్ మాట ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత కూడా ఆవిడ పూల్‌కి వచ్చేవారు. ఒకరోజు ఒక పాప గోడని ఒక్క చేత్తో తాకి ఆవిడవైపు చూసింది, తిడతారేమోనని. ఆవిడ విజిల్ చేతిలో పట్టుకుని నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నారు. రెండు చేతులూ అనే ఆ అరుపు మళ్ళీ ఆవిడ నోట నేను వినలేదు. తర్వాతి ఎండాకాలం రాకముందే పోయారు. గుండె ఎలాగూ బాగాలేదని డాక్టర్లు ముందే చెప్పారు, నిజమే. నేను దాన్ని పట్టుకుని వేలాడటం లేదు. ఆవిడ నా వల్ల పోలేదు. ఓడిపోయానని నమ్ముతూ పోయారు, అది నా వల్ల.

ఆవిడ పోయాక ఆ యూరప్ ఆవిడ జవాబు వచ్చింది, పంపిన కవరు మీద నా అడ్రస్సే ఉండబట్టి మా ఇంటికి. ఆ పతకాన్ని ఎప్పుడూ ఎవరికీ చూపించలేదట, దొంగసొత్తులా బట్టల అడుగున దాచారట. ఇప్పుడు తీసి మనవరాలికి చూపించాను, అని రాశారు. ఆ ఉత్తరం చదివి ఏడవాలో ఊరట పడాలో తెలియలేదు. ఒక ముసలావిడ దగ్గర లాక్కున్నది ఇంకో ముసలావిడ చేతిలో పెట్టాను. లాక్కోవడానికీ, ఇవ్వడానికీ అది నాది కాదు. నిజం బయటపెట్టాలంటే ఆ యూరప్ ఆవిడకీ చెప్పాలి. ఆవిడకి చెప్పడానికి నాకు హక్కుందా? లేదంటే, అది కూడా నేను తప్పించుకునే దారేనా? ఇదిగో, ఇలాగే తిరుగుతాను, గానుగెద్దులా.

ఎస్తేరుకి ఇప్పుడు ఇరవై. మేం ఇల్లు మారినా, సెలవులకి వచ్చినప్పుడు వెర్నా గారి అదే పూల్‌లో పిల్లలకి ఈత నేర్పుతుంది. పోయిన ఎండాకాలం దాన్ని తీసుకురావడానికి వెళ్ళాను. కార్లో కూర్చుని జుట్టు పిండుకుంటూ చెప్పింది.

"అమ్మా, టుడే కిడ్స్‌కి మిస్ వెర్నా స్టోరీ చెప్పాను. ఒక బాయ్ డిస్‌క్వాలిఫై అయ్యి, జడ్జ్ లయర్ అని ఏడుస్తున్నాడు. సో నేను చెప్పాను, మా టీచర్ కూడా సిక్స్టీ ఇయర్స్ అలాగే అనుకుంది, బట్ షీ వాజ్ రాంగ్, అండ్ ఎండ్‌లో ఒప్పుకుంది అని. దట్స్ సో బ్రేవ్ కదా?"

"అవునమ్మా" అన్నాను.

"నువ్వే కదా ఫైండ్ చేసింది. యూ టోల్డ్ హర్ ద ట్రూత్. నేనైతే చెప్పలేను."

సిగ్నల్ ఆకుపచ్చకి మారింది. వెనక కారు హారన్ కొట్టేదాకా నేను కదల్లేదు. నా అబద్ధం నా బిడ్డ నోట నీతికథ అయింది. దాన్ని ఆ పిల్లలు ఇంటికి పట్టుకెళ్ళారు. ఆ ఏడ్చిన పిల్లాడు నిజంగా రెండు చేతులతోనే తాకాడేమో కూడా ఎవరికీ తెలియదు.

దేవుడు క్షమిస్తాడని మా పాస్టర్ గారు అంటారు. క్షమిస్తాడేమో, నేను కాదనను. కానీ ఆయన దగ్గర నేను తీసుకున్నదేమీ లేదు. తీసుకున్నది వెర్నా గారి దగ్గర. ఆవిడ లేరు. ఉంటే మాత్రం క్షమించమని అడిగే ధైర్యం నాకుండేదా? ఉండేది కాదు. ఆవిడ ఉన్నప్పుడు పది నెలలు టైమిచ్చారు, నేను వాడుకోలేదు.

వచ్చే వారం ఎస్తేరు వస్తోంది. ఈ కాగితాలు, ఆ డబ్బా దాని ముందు పెట్టాలని ఉంది. పెడతానని మీకు మాటివ్వను. నా మాటకి విలువెంతో ఇప్పటికి మీకు తెలిసే ఉంటుంది.

ఇందాక మళ్ళీ ఒకసారి మూత తీశాను. వెనిగర్ వాసన ఇంకా పోలేదు. ఎన్నోసార్లు చేసినట్టే ఆ ముక్కల్ని వెలుతురుకి పట్టి చూశాను. కాలిన రంగు తప్ప ఏమీ లేదు. ఆ రోజు ఆవిడ గుమ్మంలో నిలబడి అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు ఒకటే ఉండింది, ఒక్క మాట, ఆవిడ తట్టుకోగలిగిన మాటే. పదకొండేళ్ళు ఆలస్యంగా ఇక్కడ రాస్తున్నాను.

రెండు చేతులో, ఒక చెయ్యో నాకు తెలియదు. వెర్నా గారూ, నేను చూడలేదు.